శుక్రవారం, రెండు నుంచి ఐదు

సీతాఫల్‌మండి స్టేషను వెనక మూడో సందు.
నేను చెప్పులు విడిచేలోపే
జకరయ్య తన చెప్పుల్లో కాళ్లు పెట్టేసి ఉంటాడు.
"మూడింటికి తెల్లగోలీ. బత్తాయి గింజలు తీసి ఇయ్యి.
స్టవ్వు దిక్కు పోనియ్యకు."
ఎక్కడికని నేనడగను.
"బ్యాంకుల పనుంది," అంటాడు తనే.
ప్రతి శుక్రవారమూ బ్యాంకే.

చర్చి హాల్లో మాకు మూడు ఆదివారాలు నేర్పారు:
ఎదురు చెప్పొద్దు.
తొందర పెట్టొద్దు.
వాళ్లు అడగందే ప్రార్థన చెయ్యొద్దు.
మూడోది సరే, మొదటి రెండే నాకు కష్టం.
ఇరవై ఆరేళ్లు రాణిగంజ్ డిపో కండక్టరుని,
"జరగాలె, ముందుకు జరగాలె" అని అరిచి బతికినదాన్ని.
ఈ ఇంట్లో ముందుకి జరిగేదేమీ లేదు.

సుగుణరత్నం నన్ను మొదటి వారం నర్సమ్మా అంది,
రెండో వారం, చీటీ డబ్బులు ఎగ్గొట్టినదానా అంది.
ఇప్పుడేమీ అనదు, చెయ్యి చాపుతుంది.
దిండు గలీబులు ఇస్తాను.
అంచుకి అంచు కలిపి, అరచేత్తో ముడతలు నొక్కి,
ఎంత శ్రద్ధగా మడుస్తుందో.
అన్నీ అయిపోయాక వంటగదిలోకి పట్టుకుపోయి
విప్పి, నలిపి, మళ్లీ తెచ్చిస్తాను.
ఇది మోసమా అని పాస్టరుగారిని అడిగాను.
ఆయన చాలాసేపు ఆలోచించి
"ఎన్ని గలీబులమ్మా?" అన్నాడు.
ఎనిమిది అన్నాను.
మరుసటి ఆదివారం ఒక సంచీ పంపాడు,
ఇంకో పన్నెండు.

రోజంతా కళ్లముందుంటే ఆమెకి ఆయన ఎవరో తెలీదట.
"ఈ ముసలాయన ఎప్పుడు పోతడు?
మా ఆయనొచ్చే యాళ్లయింది" అంటుందట.
ఒకసారి బత్తాయిలు చేతికిస్తూ చెప్పాడు జకరయ్య,
కిలో ఎంతకి తెచ్చాడో చెప్పిన గొంతుతోనే.

లాలాగూడ వర్క్‌షాపు సైరను
ఈ సందు దాకా వినబడదు.
ఆమె దాకా వస్తుంది.
నాలుగున్నరకి తల ఎత్తుతుంది.
పౌడరు డబ్బా కావాలి, ఉతికిన చీర కావాలి,
తలుపు తియ్యాలి, ఇప్పుడే తియ్యాలి.
ఫుట్‌బోర్డు మీది మనిషిని పట్టుకున్నట్టు
మోచెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడతాను.
ఎదురింటి షాహెదాబీ మేడ మీంచి బట్టలు తీస్తూ
"ఆతే, ఆతే, జర్రాగు" అంటుంది.
నాకు ఆ మాట కూడా ప్రార్థనలాగే వినబడుతుంది.

సందు మలుపులో జకరయ్య.
చొక్కా ఒక పక్కే నలిగి, చెంప మీద
కిటికీ ఊచ అచ్చు.

"లేటైందేంది?" అంటుంది ఆమె.
"ఓటీ పడ్డది," అంటాడు ఆయన,
రిటైరై పంతొమ్మిదేళ్లయిన మనిషి.
ఖాళీ సంచీ అందుకుంటుంది.
లోపలికి తొంగిచూసి, ఏమీ లేకపోయినా,
ఏదో దొరికినట్టు మొహం పెడుతుంది.
వారం మొత్తంలో ఆయన ఆమెకి మొగుడయ్యేది
ఇదిగో, ఈ గడప దగ్గరే.
వెళ్లినవాడే కదా తిరిగి రాగలడు.

చెమట తుడుచుకుందామని రుమాలు లాగితే
జేబులోంచి టికెట్టు జారింది.
నేల తాకకముందే చదివేశాను, ఏం చేస్తాం, కళ్లకి అలవాటు:
సీతాఫల్‌మండి, లింగంపల్లి, రానూ పోనూ.
బ్యాంకు లేదు, పాడూ లేదు.
ఎంఎంటీఎస్‌లో ఒక మూల కూర్చుని
బోరబండ ఎప్పుడు దాటిందో తెలీకుండా
నిద్రపోతాడు మనిషి.
వారానికి ఆయనకి దక్కే నిద్ర అదే.

వంగి తీశాను. అలవాటుగా అంచు కొంచెం చింపి
చేతికిచ్చాను.
ఆయన నా వైపు చూడలేదు. మంచిదే.

అడగందే ప్రార్థన చెయ్యొద్దన్నారు.
సందు చివర, పాలప్యాకెట్ల ట్రేల పక్కన నిలబడి
ఎవరూ అడక్కుండానే చేశాను:
ప్రభువా, వచ్చే శుక్రవారం కూడా
ఆయనకి కిటికీ సీటు.
వీలుంటే
ఎండ పడని వైపు.